రెండు మగ్గుల నీళ్ళు

కూకోవే భానుశ్రీ, ఆ స్టూలేటి ఇరిగిపోదులే. ఏటన్నావు, కాలేజీ రిపోర్టుకా? గెడ్డ మీద బూడిద కాంక్రీటు వంతెన గురించి నాను సెప్పాలా! మీ మామ్మ నూకరత్నం ఉండుంటే బాగా సెప్పును. రేకు మీద సిమెంటు మాలు కలపడంలో దానికి సాటొచ్చినోళ్ళు ఈ ముంచింగిపుట్టు సంతకొచ్చే జనంలో ఒక్కరు నేరు. నోరూ అంతే. "మేస్త్రీ, నీ తాపీ కన్నా నీ మీసానికే పనెక్కువ" అనీది, అందరి ముందరా! ఏటి సెప్తన్నాను? ఆఁ, కాంక్రీటు. పదమూడేళ్ళ కిందట దేవీప్రసాద్ అని ఒక ఇంజనీరొచ్చినాడు. ఆయన కాంక్రీటులో సిమెంటే నేదు. కరెంటు ఫ్యాక్టరీ బూడిద, ఉక్కు ఫ్యాక్టరీ కొలిమిలో మిగిలీ స్లాగు పొడి, కాస్టిక్కూ సిలికేటూ కలిపిన ద్రావకం, కంకర పిక్క, ఇసక. ఒట్టి బూడిదయితే మన కొండ సలికి మూడ్రోజులైనా గట్టిపడదు. స్లాగు ఎక్కువైతే రేకు మీదే బిగుసుకుపోద్ది. "పొడిలో నూటికి ముప్పై పాళ్ళు స్లాగు అప్పలస్వామిగారూ! నీళ్ళు మాత్రం చుక్క ఎక్కువ పోయొద్దు, బలం పోతుంది" అని సన్నగొంతుతో రోజుకి పదిసార్లు. "అలాగే సార్" అని నవ్వుకునీవోణ్ణి. నలభయ్యేళ్ళు సిమెంటు కలిపినోడికి సెప్తాడా!

మీ మామ్మకి ఆ వంతెన కావాల. మీ రమణత్త గెడ్డ దాటతా కొట్టుకుపోనాది కదా, అందుకే పనికి అందరికన్నా ముందొచ్చీది. సరే, ఆ మాలు బెల్లం పాకంలాగ తాపీకి అంటుకుపోయీది. సారు టీకెళ్ళినప్పుడు నాను రెండు మగ్గుల నీళ్ళు కుమ్మరించీసినాను. ఓలమ్మో, ఎంత నున్నగా జారిందనుకున్నావు! "సారు వొద్దన్నాడు కదా మేస్త్రీ" అంది మీ మామ్మ. "నీకేటి తెల్సే" అన్నాను.

ఇరవయ్యెనిమిదో రోజున పట్నంలో ఆ మాలుతో పోసిన నమూనా దిమ్మలు మిషన్లో ఎట్టి నొక్కితే, ముప్పై రావాల్సిన బలం పద్నాలుగు దగ్గరే పటపటమన్నాయంట. పోసిన పలక పగలగొట్టించినారు. "నీళ్ళెవరు పోశారు?" అని సారు గట్టిగా అడిగినాడు. నాను తలొంచుకుని తాపీ తుడుస్తన్నాను. "నానే సార్" అంది మీ మామ్మ! ఆ పూటే పన్లోంచి తీసీసినారు. ఎల్తా ఎల్తా నన్ను సాటుకి పిలిసి, "కూలిది పోతే ఇంకోర్తొస్తాది. మేస్త్రి పోతే ఈ కొండెక్కి ఎవుడొస్తాడు? ఈ పాలి సరీగ్గా కలుపు, సచ్చిన నా కూతురి మీద ఒట్టు" అంది.

కలిపినాను. నీళ్ళు కొలిసి, సారు ముందర పోసినాను. ముప్పైరెండొచ్చింది. మొన్న వానలకి రోడ్డు కల్వర్టే కొట్టుకుపోనాది గానీ మన వంతెన కదల్నేదు. ఊరంతా "నూకరత్నం నీళ్ళోసి సెడగొట్టినాది" అనీవోరు, మీ నాన్న కూడా. అది నవ్వీసి ఊరుకునీది. అది పోయి ఎనిమిదేళ్ళు. ఇన్నాళ్ళూ ఎవుళికీ సెప్పనేదు, సిగ్గేసి.

ఏదీ, ఆ కాయితమిటియ్యి. "కూలీ నీళ్ళు ఎక్కువ పోయడం వల్ల..." కొట్టీ. కొట్టీయవే గుంటా! మేస్త్రి అప్పలస్వామని రాయి. రెండు మగ్గులని రాయి. రాసినావా? సదువోసారి.

ఊఁ. టీ సల్లారిపోతంది, తాగు.