కాయితం మీద ఎక్కకూడని గౌను

మా గ్లోరీ మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి అన్నం తిని వెళ్ళిందండీ.

క్షమించాలి. ముందు సభకు నమస్కారం, ఆ తరువాతే సంగతి అని మా లాయరు నరసింగరావు గారు ఉదయం నుంచి నాలుగుసార్లు అప్పజెప్పించుకున్నారు. మైకు కనబడేసరికి నోరు ఆగలేదు. (నవ్వులు) అధ్యక్షత వహించిన జడ్జిగారికి, వేదిక మీది పెద్దలకు, మా తరఫున వాదించిన లాయర్లకు, అంతకన్నా బాగా అవతలి తరఫున వాదించిన లాయర్లకు, గుమ్మం దగ్గర నిలబడి "తాతా, బేగి కానీ" అని సైగ చేస్తున్న అటెండరు దేముడమ్మకు, ఈ కుటుంబ న్యాయస్థానంలో ఇన్నేళ్ళు గుమస్తాగా పనిచేసి ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా రాజకుమారి అమ్మకు, కొత్తవలస పక్క పల్లెటూరి అబ్రహాం చేతులెత్తి నమస్కరిస్తున్నాడు. నేను అయిదో తరగతి వరకే చదివాను. మాటలో తప్పు దొర్లితే పెద్దలు సర్దుకోవాలి.

గ్లోరీ అంటే నా కొడుకు బెన్హర్ కూతురు. దానికి ఆరేళ్ళప్పుడు బెన్హరూ, దాని తల్లి ఉషా ఈ కోర్టులోనే విడిపోయారు. తప్పు ఎవరిదన్నది ఇప్పుడు చెప్పను, అప్పట్లో చెప్పి చెప్పి నోరు అరగదీసుకున్నాను. పిల్ల తల్లి దగ్గర ఉండాలని, తండ్రి నెలకు నాలుగు వేలు మనోవర్తి ఇవ్వాలని తీర్పు వచ్చింది. రెండేళ్ళు ఇచ్చాడు. తరువాత రెండో పెళ్ళి చేసుకున్నాడు, చేతిలో డబ్బు ఆడలేదు, కడుపులో కోపం చల్లారలేదు. "నానిచ్చిన డబ్బులు పిల్ల నోటికెల్తన్నాయో, ఆవిడ సీరలకెల్తన్నాయో నాకేటి తెలుసు" అని మానేశాడు. బెన్హరూ, వెనక వరసలో తల దించుకోకు, తరువాతి మాట నాదే. "డబ్బు ఇవ్వొద్దురా, సరుకిద్దాం, సరుకైతే పిల్లకే అందుతాది" అన్నది నేనే. తండ్రిగా ఆపవలసినవాణ్ణి, వెనక నుంచి తోశాను.

పది నెలలు అలాగే బియ్యం, సోళ్ళు అంటే రాగులు, జీడిపప్పు బస్సులో వేసుకుని ఉష ఇంటికి మోశాను. పది నెలల బాకీ కట్టించమని ఉష ఈ కోర్టులో పిటీషను వేసింది. అప్పుడు నేను చేసిన పని చెప్పాలంటే మా సంఘం సంగతి ఒకటి చెప్పాలి.

మాది బాప్టిస్టు సంఘం. కోతల పండుగకు ఎవరి పంటలోంచి వారు గుడికి కానుక తెస్తారు. ఎవరు ఏమి తెచ్చారో పేరు పెట్టి, ధర కట్టి, అందరి ముందు చదివే పని ఇరవై ఏళ్ళుగా నాది. ఫలానా వారు గుమ్మడికాయలు రెండు, ఫలానా వారు కోడిపుంజు ఒకటి. ఒకసారి ఒకావిడ అరటిగెల చదవడం మరిచిపోతే ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఇచ్చినది పైకి చదవడమే మర్యాద అని నా బుర్రలో నాటుకుపోయింది. అందుకని నేనూ ఒక జాబితా రాశాను. బియ్యం బస్తాలు రెండు, సోళ్ళు పది కిలోలు, బడి చెప్పులు ఒక జత, పసుపుపచ్చ క్రిస్మస్ గౌను ఒకటి, ఆరువందల నలభై రూపాయలు. ఇదంతా బాకీలోంచి తీసేయాలని కింద రాయించాను. నరసింగరావు గారు చూసి "ఇది కోర్టు మావా, కోతల పండగ కాదు" అన్నారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, వెయ్యనని అనలేదు ఆయన, వేశారు. (పెద్దగా నవ్వులు)

వాయిదా రోజున ఆ జాబితా నకలు ఉష చేతికి వచ్చింది. పక్కన బల్ల మీద గ్లోరీ. తొమ్మిదేళ్ళది, కొత్తగా చదవడం పట్టుబడి, కనబడిన కాగితమల్లా పైకి చదివే వయసు. బియ్యం చదివింది, చెప్పులు చదివింది, గౌను దగ్గర ఆగింది. "అమ్మా, తాత గౌను ఊరికే ఇవ్వలేదేటి?" అంది. వరండాలో ఆ మాట నాకూ వినబడింది. ఉష నా వైపు చూడనైనా చూడలేదు. తిట్టినా బాగుండేది.



తరువాతి వాయిదాకు ఆ పిల్ల గౌను ఉతికించి, ఇస్త్రీ చేయించి, కవరులో పెట్టి తెచ్చి రాజకుమారి అమ్మ బల్ల మీద పెట్టింది. "ఇది తాతకిచ్చేయండి, లెక్కలోంచి తీసేయమనండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

అమ్మ నన్ను పిలిచారు. గౌను ఇస్తారనుకుని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. "తాతగారూ, కోతల పండగలో మీరు సదివేది ఎవరికి వినపడాలని?" అన్నారు. దేవుడికి అన్నాను. "దేవుడికి సెవుడేటి?" అన్నారు. (నవ్వులు) నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదండీ. "తీర్పు కాయితం మీదున్నది మీ అబ్బాయి ఇవ్వాల. అది ఆ పిల్ల హక్కు. మీరు ముద్దుకిచ్చినది ఏ కాయితం మీదా ఎక్కకూడదు. ఈ గౌను మీకియ్యను. మీరు పుచ్చుకుంటే ఎనక్కి లాక్కున్నట్టే. నా దగ్గరుంటాది" అన్నారు.

అంత మాట నన్ను మా పాస్టరు అయ్యగారు కూడా అనలేదు. ఇంటికి వెళ్ళి మా ఆవిడ కాంతానికి చెబితే "ఆయమ్మ నీకు సరిగ్గా గడ్డెట్టింది" అని అన్నం వడ్డించింది. జాబితా వెనక్కి తీసుకున్నాం. ఆవుల్ని అమ్మి బాకీ కట్టించాను. బెన్హర్ గాజువాకలో రెండు పూటలు వెల్డింగు పని చేసి, అయిదో తారీకు దాటకుండా బ్యాంకులో వేయడం మొదలుపెట్టాడు. మొదట్లో పళ్ళు కొరుకుతూ వేశాడు. ఎప్పుడు మానేశాడో తెలియదు గానీ, పళ్ళు కొరకడమే మానేశాడు.

నేను పంట రోజుల్లో ఉష ఇంటి గేటు దగ్గర పనసకాయో, మామిడి తాండ్రో పెట్టి, గంట కొట్టి వచ్చేసేవాణ్ణి. "పెట్టీసి ఎల్లండి" అనేది లోపలినుంచి. నాలుగో ఏడు "నీళ్ళు తాగుతారా" అంది. పిల్ల మాత్రం బయటకు రాలేదు. ఈ కోర్టు వైపు వచ్చినప్పుడల్లా "ఇంకా ఎన్నేళ్ళమ్మా?" అని రాజకుమారి అమ్మను అడిగేవాణ్ణి. "లెక్కెట్టడం మొదలెడితే మళ్ళీ మొదటికొస్తారు" అనేవారు. అమ్మా, మీ ముందు ఒప్పుకుంటున్నాను, లోపల లోపల లెక్కపెట్టాను. తొమ్మిది.

పోయిన నెల గ్లోరీకి పద్దెనిమిది నిండాయి. ఏదో కాగితం కోసం ఇక్కడికి వస్తే, బీరువా ఖాళీ చేసుకుంటున్న రాజకుమారి అమ్మ ఆ కవరు తీసి దాని చేతిలో పెట్టారట. వెళ్ళి తాతను చూడు అని ఒక్క మాట అనలేదట. గౌను మాత్రం ఇచ్చారు.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఒక పొడుగాటి పిల్ల. పోల్చుకోలేకపోయాను. "తాతా, ఎచ్చెర్లలో ఇంజినీరింగు సీటొచ్చింది. ఇది నాకిప్పుడు పట్టదు, సెల్లికి పడతాదేమో" అని కవరు చాపింది. చెల్లి అంటే బెన్హర్ రెండో పెళ్ళి పిల్ల, ఎనిమిదేళ్ళది. రెండు వేళ్ళు పొడుగైతే కాంతం కింద మడిచి కుట్టు వేసింది. బెన్హర్ వడ్డించాడు. పులుసు మూడుసార్లు పోశాడు. పిల్ల వద్దనలేదు.

ఉష రాలేదు. పిల్లను కొత్తవలస స్టేషనులో దింపి, సాయంత్రం బండి దాకా బల్ల మీద కూర్చుందట. మా గుమ్మం తొక్కనంత కష్టం ఆవిడ పడింది, అది నేను మరిచిపోతే ఈ మాటలన్నీ వృథా. పెంచింది ఆవిడ. మేము ఆలస్యంగా ఇచ్చాం.

రాజకుమారి అమ్మా, ఇక్కడ శాలువాలు చాలా కప్పారు. నేనూ ఒకటి తెచ్చాను, ధర చెప్పను. (నవ్వులు, చప్పట్లు) మీ ఋణం ఏ పుస్తకంలోనూ రాయకుండా పోతున్నాను. మాట్లాడనిచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఇక నన్ను పోనివ్వండి, సెలవు, గ్లోరీ వచ్చిన కబురు ఇంకా చెప్పవలసిన వాళ్ళున్నారు. రామతీర్థంలో మా అప్ప, అంటే అక్క, దాలమ్మకు, రాయగడలో బావ దేవేంద్రకు, చిన్నమ్మ కూతురు ధనలక్ష్మికి, మంచం మీదున్న మేనత్త లక్ష్మణమ్మకు చెవి దగ్గర గట్టిగా. చివరగా ఉష నాన్న, ఒకప్పుడు ఒకే పాటల పుస్తకం పట్టుకుని నా పక్కన పాడిన సూరయ్య బావకు. పన్నెండేళ్ళయింది మాట్లాడుకుని. ఆయనకు ఫోను పనికిరాదు, నేనే వెళ్ళాలి.