ఎరకమ్మ కొట్టిన గండి

ఎరకమ్మంటే గనగళ్ళోరి కోడలు, మొగుడు సంద్రంలో పోయినాక ఎండుసేపలమ్ముకుని బతికినాది. పొద్దున్నే గంప నెత్తినెట్టుకుని ఇసకదిబ్బలు దాటి పైనున్న రైతుల ఊరికెల్లేది. డబ్బులెక్కడివి, సేపకి వడ్లే. ఆల గింజ ఈల కుండలోకి, ఈల సేప ఆల గంజిలోకి, అలా జరిగిపోయేదంట రెండూల్లకీ. ఆ పొలాల నీరంతా తీసుకుని ఓ ఏరు ఎరకమ్మోల్ల సేపలోల్ల పేట పక్కనే సంద్రంలో కలిసేది. ఓ ఏడు ఏమైందంటే, జమీందారు కింద ఠాణేదారొకడు కొత్తగా ఒచ్చినాడు. ఆడికేం పుట్టిందో, ఏరు సంద్రంలో కలిసే మొగ కాడ అడ్డంగా మట్టికట్ట ఏయించీసినాడు. ఎందుకనుకున్నారు? పంటకా? సేపకా? కాదు బాబూ! జమీందారు సుట్టాలతో ఒస్తన్నాడంట, ఏటి నిండా నీరుంటే పడవెక్కి షికారు సేస్తారంట. ఇన్నారా, షికారుకంట!

కట్టేసిన వారానికి వాన పట్టుకున్నాది. మూడ్రోజులు ఇడవనేదు. నీరు పోడానికి దారేదీ? ఎనక్కి తన్నీసి, పొట్టమీదున్న వరి మీదికెక్కీసింది. ఎరకమ్మ గంపతో ఎల్లీసరికి అసిరయ్యని ఓ ముసలి రైతు మోకాల్లోతు నీటిలో నిలబడి, మునిగిన వరిదుబ్బుని రెండు సేతుల్తో పైకెత్తి పట్టుకున్నాడంట, పసిపిల్ల తలెత్తినట్టు. ఏటి మావా ఇది, కట్ట తియ్యమని అడగనేదా అన్నాది. "అడిగినామమ్మా. షికారయ్యేదాకా కట్ట మీద సెయ్యేస్తే సెయ్యి తీసేస్తానన్నాడు." ఎన్నాల్లకి ఒస్తారంట? "పది రోజులంట." పదిరోజులకి కుల్లిపోదా మావా అంటే, ఆయన ఆ దుబ్బొదిలి పక్కదుబ్బు పైకెత్తినాడు.

ఎరకమ్మ సేపలమ్మనేదు. ఆ గంపతోనే తిన్నగా ఠాణాకెల్లినాది. బాబూ, వరి మునిగిపోతంది, కట్ట ఓ మూల తీయించండి అన్నాది. ఆడు కుర్సీలోంచి లేవకుండానే, సేపలమ్ముకునేదానికి సేను గొడవేటే, మునిగింది నీ సేనా అన్నాడు. "నా సేను కాదు బాబూ, నా కూడు" అన్నాదంట. అప్పుడు లేసినాడు, లేసి గంపని కాలితో తన్నినాడు. తిండిని తన్నినాడండీ! సేపలన్నీ బురదలో పడినాయి. ఎరకమ్మ ఏడవనేదు. కూకుని ఒక్కో సేపా ఏరుకున్నాది.

పేటకొచ్చి మొగోల్లని పిలిసినాది. ఆలేమో, మన తెప్పలు సంద్రం మీదెల్తాయి కదా ఒదినా, ఆ కట్ట మనకేటి అడ్డం, పెద్దోల్లతో మనకెందుకు అన్నారు. మండిపోయినాదంట. "ఏరా, నిన్న తిన్న కూడు సంద్రంలో పండినాదేట్రా? తుఫానుకి నెల్నాల్లు తెప్పలు ఒడ్డునుండిపోతే మీ పిల్లల కుండలో గింజేసినోల్లెవలు?" అని, పలుగట్టుకుని ఒక్కర్తీ ఎల్లిపోయినాది. పట్టపగలు, కట్ట కాడ ఠాణేదారెట్టిన కావలోల్లిద్దరు సూస్తండగానే తవ్వడం మొదలెట్టీసినాది. ఒకడు ఠాణాకి పరిగెత్తినాడు, రెండోవోడు ఏం సెయ్యాలో తెలీక అలా నిలబడిపోయినాడు. ఈలోగా సిగ్గొచ్చిందనుకో పేటోల్లకి, ఒకడెనకాల ఒకడు ఒచ్చినారు. అటుపక్కనించి అసిరయ్యా, రైతులూ పారలట్టుకుని ఒచ్చినారు. ఠాణేదారు గుర్రమెక్కొచ్చీసరికి గండి పడిపోయినాది, నీరు అరుసుకుంటా సంద్రంలోకి దూకేస్తంది. ఎవులు ముందు పలుగేసినారు అని అరిసినాడు. నానే నానే అన్నారంట అందరూ. ఎరకమ్మ అందరినీ ఎనక్కి నెట్టి, "నానే. ఆలకేటి తెలీదు" అన్నాది.

ఠాణా ముందర పన్నెండు కొరడా దెబ్బలు కొట్టించినాడు, ఆడమనిసిని. షికారు నేదు, గికారు నేదు. సగం వరి మాత్రం బతికినాది. కోతలయ్యాక రైతులు ఇంటికో కుంచం వడ్లు మోసుకొచ్చి ఎరకమ్మ గుమ్మంలో పోస్తే, నాకొక్కదానికి ఇంతెందుకు, పేటకి పంచండి అన్నాదంట. ఆ దెబ్బలు తిన్న ఈపుతో మరి గంప నెత్తికెత్తనేకపోయినాది. రైతులే దిబ్బలు దాటొచ్చి ఆమె కాడ సేప కొనుక్కెల్లేవోరు, ఆమె పోయేదాకా.

ఇప్పుడా మొగ సూడ్డానికి బస్సులేసుకుని ఒస్తన్నారు. బాగుంటాది మరి, ఏరూ సంద్రం కలిసే సోటు, ఫొటోలు తీసుకుంటారు. ఆలకి సెప్పేవోడేటి సెప్తన్నాడో తెలుసా? ఆ ఏడు పెద్దవానొచ్చి కట్ట దానంతటదే తెగిపోయినాదంట, ఠాణా కాగితాల్లో అలాగే రాసుందంట. సరే బాబూ, వానే తెంపినాదనుకో. మరి దెబ్బలు ఎరకమ్మనెందుకు కొట్టినార్రా?