కోడలి గ్లాసు

వంటింటి తలుపు దగ్గరగా వేసి, పొయ్యి మీద మరుగుతున్న గిన్నెకు చెరోపక్కన నిలబడ్డారు భార్యాభర్తలు.

"మెల్లగా! స్నానానికి వెళ్ళింది అత్తయ్య, ఆవిడ చెవులు కాదు."

"మెల్లగానే చెప్తున్నా. డాక్టరు నవ్వాడే! కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు."

"రిపోర్టు చూసి నవ్వాడా?"

"అప్పుడు కాదు. మగ హార్మోను తక్కువుంది, పిల్లలు ఆలస్యం కావడానికి అదీ ఒక కారణం కావచ్చన్నాడు. సిగరెట్టా అన్నాడు, లేదన్నా. మందా అన్నాడు, లేదన్నా. మరేం తాగుతావయ్యా అంటే టీ అన్నా. పూటకో కప్పు టీతో ఏం కాదులే, ఇంకేమన్నా ఉందా అన్నాడు."

"ఇంకేముంది?"

"ఇదే, ఈ గిన్నెలోది. పుదీనా, అతిమధురం. ఏడాదిగా, రోజూ, నిండు గ్లాసు."

"అది నాకు కదా కాచేది!"

"ఆ మాటే చెప్పా. మా ఆవిడ కోసం మా అమ్మ కాస్తుందండీ, ఆవిడకి ఆ వాసన పడదు, పారబోస్తే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది, అందుకని గుట్టుగా నేనే తాగేస్తున్నానండీ అన్నా. అప్పుడు నవ్వాడు."

"దీంట్లో నవ్వడానికేముంది?"

"ఆ రెండూ మగాళ్ళకి సరిగ్గా ఆ హార్మోన్నే తగ్గిస్తాయని కొన్ని పరీక్షల్లో తేలిందట. అతిమధురం మనుషుల మీద, పుదీనా ఎక్కువగా ఎలకల మీద చూశారట. నీ విషయంలో ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేను, ముందు మానెయ్, కొన్నాళ్ళాగి మళ్ళీ రక్తం ఇవ్వు అన్నాడు."

"అయ్యయ్యో! మొన్న సీరియల్ చూసి వెక్కి వెక్కి ఏడ్చారు, అది కూడా దీనివల్లేనంటారా?"

"అది పెళ్ళికి ముందు నుంచీ ఉంది."

"సరే, నవ్వింది చాలు. ఇప్పుడు అత్తయ్యకి చెప్పండి."

"నువ్వే మానేశానని చెప్పెయ్యరాదూ?"

"నేనా? ఏడాదిగా ‘తాగమ్మా, తాగు’ అంటుంటే, లోపం నాదే కాబోలని తల దించుకుని గ్లాసు అందుకుంటున్నా. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ కళ్ళన్నీ నా పొట్ట మీదే. కొలతలు నేను తియ్యాలా, వాళ్ళు తియ్యాలా? రిపోర్టు మీది. నోరు కూడా మీరే విప్పాలి."

"విప్పుతా. సాయంత్రం..."

"ఇప్పుడు."

"ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట, లోపల జనం ఉన్నారట, మెకానిక్కుని నేనే కదా, ఇప్పుడే ఫోనొచ్చింది..."

"ఫోను నా చేతిలో ఉందండీ."

"ఏంట్రా, నేను స్నానం చేసి వచ్చేలోగా ఆ గుసగుసలు? తలుపెందుకు వేశారు? ఇదిగోమ్మా, వడగట్టుకుని వేడిగా తాగు."

"అమ్మా... అది తను తాగదు."

"తాగదా?"

"ఎప్పుడూ తాగలేదు. నేనే తాగేవాణ్ణి. లోపం కూడా తనది కాదు, నాది. పరీక్ష చేయించుకున్నా. ఇక మీద తనకి మందూ వద్దు, మాటా వద్దు."

"అత్తయ్యా, మీరు అంత ఓపిగ్గా కాచి ఇస్తుంటే నేను..."

"నువ్వుండమ్మా. ఒరేయ్, ఏ మాత్రం మిగల్చకుండా తాగావా?"

"అడుగు చుక్కతో సహా. డాక్టరు మానెయ్యమన్నాడు. మగాళ్ళకి తగ్గిస్తుందట."

"తగ్గిస్తుందా! బలమొస్తుందని కదా ఆ మూలికలమ్మే ఆవిడ చెప్పింది?"

"ఎవరికి బలం?"

"నిజంగా తగ్గిస్తుందన్నాడా? సరిగ్గా విన్నావా?"

"విన్నానమ్మా. ఎవరికి బలమొస్తుందంది ఆవిడ?"

"పొయ్యి ఆర్పెయ్యమ్మా, అడుగంటుతోంది."

"అమ్మా, ఎవరికి?"

"నీకేరా! నీకు మందంటే నువ్వు ముట్టవు. నీ పెళ్ళానికి వాసన పడదని మొదటిరోజే చూశా, దాని చేతిలో పెడితే నువ్వే లాక్కుని తాగుతావని పెట్టా. నీ మీద నాకెప్పుడూ అనుమానం లేదే తల్లీ, అంతా వీడి మీదే!"