జోడీ మాటలు

రేపు ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఏ ఇంగ్లిషు మాట పక్కన ఏ మాట నప్పుతుందో బట్టీ పట్టిన గుమస్తాగారి చేత, పుస్తకం పట్టుకుని భార్య అప్పజెప్పించుకుంటోంది.

“వానకి?”

“హెవీ.”

“తూకం వేశారా? సరే, టీకి?”

“స్ట్రాంగ్. పవర్‌ఫుల్ అంటే నవ్వుతారు.”

“నిన్న చుట్టాల ముందు నేను ‘బిగ్ రెయిన్’ అంటే మీరు నవ్వినట్టా?”

“అబ్బా, సరదాకి నవ్వానే!”

“పొట్ట పట్టుకుని మరీ సరదాపడ్డారు. సారీకి?”

“డీప్లీ. డీప్లీ సారీ.”

“ఎవరికి చెబుతారు?”

“మేనేజరుకి.”

“ఇంట్లోవాళ్లకి?”

గుమస్తాగారు పుస్తకం కోసం చెయ్యి చాచారు. ఆవిడ ఇవ్వలేదు.

“ఇందులో లేదులెండి. తెలుగులో చెప్పండి.”

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“తప్పయిపోయిందే. నలుగురిలో నిన్ను చూసి అలా నవ్వకూడదు.”

“హమ్మయ్య! పొద్దుట్నుంచీ మీరన్న మాటల్లో బట్టీ పట్టనిది ఇదొక్కటే,” అంటూ ఆవిడ పుస్తకం చేతికిచ్చింది.