అడగవలసిన మనిషిని అడిగిన మా పెద్ద మేడమ్

పందొమ్మిది వందల తొంభై ఆరు, జూన్ మూడవ తేదీ, సోమవారం నాడు మా సంతాన సాఫల్య కేంద్రంలో ఎంబ్రియాలజిస్టుగా, అంటే పిండాలను పెంచి కాపాడే నిపుణురాలిగా చేరిన ‘పెద్ద మేడమ్’ గారికి కేటాయించిన ప్రయోగశాల, మెట్ల కింద మందులు దాచే చిన్న గది. ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు, కరెంటు పోతుందేమోనన్న నిత్యభయం, ఇంతే ఆనాటి ఐశ్వర్యం.

పిండాలకు ఘాటైన వాసనలు పడవని వారు సెంటూ పౌడరూ విసర్జించారు, అందరిచేతా విసర్జింపజేశారు. ఆ గదిలో తుమ్మాలన్నా మేడమ్ సంతకం కావాలని మా ఆయా నవ్వించేది. రెండువేల నాలుగులో విభాగాధిపతి అయ్యారు. ఆ మరుసటి ఏడాది చేరిన నాకు చేయి కుదరకపోతే, మూడు నెలలు ఖాళీ డిష్‌లతో సాధన చేయించారే తప్ప ఒక్క పరుషవాక్యం పలకలేదు.

పదకొండేళ్ల కిందటి సంఘటన ఒకటి ఇక్కడ స్మరించక తప్పదు. ఒక దంపతులు మా వద్ద మూడు పిండాలను గడ్డకట్టించి భద్రపరచుకున్నారు. ఇంతలో రోడ్డు ప్రమాదంలో భర్త మరణించాడు. నాలుగు నెలలకు ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని అత్తగారూ, కన్నతండ్రీ వచ్చారు. అత్తగారు రిటైరైన టీచరు. కొడుకు ఆనవాలు నిలబెట్టమని కన్నీళ్లతో వేడుకున్నారు. కూతురి బతుకు మళ్లీ మొదలవ్వాలి, వాటిని తీసేయమన్నారు తండ్రి. దంపతుల్లో ఒకరు పోతే ఏం చేయాలో మా అంగీకారపత్రంలో ‘కుటుంబ అభీష్టం మేరకు’ అని మాత్రమే ఉంది.

మేడమ్ అంతా విని, పెద్దలను వినయంగా బయట కూర్చోమని, కుర్చీ ఆ అమ్మాయి పక్కకు లాక్కున్నారు. ఫైలు పట్టుకుని నేనక్కడే ఉన్నాను.

“నీకేం కావాలి తల్లీ?”

ఆ అమ్మాయి తలెత్తింది. “ఈ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు మేడమ్. నాకింకా తెలీదు. కాస్త టైం కావాలి.”

ఏడాదిపాటు పిండాలు భద్రంగా ఉంటాయనీ, ఈలోగా ఎవరూ ఆమెను ఒత్తిడి చేయరాదనీ మేడమ్ తేల్చి చెప్పారు. ఇరుపక్షాలూ నొచ్చుకున్నాయి, మా డైరెక్టరు గారూ పిలిచి మందలించారు. మోయవలసిన మనిషి మాట వినకుండా తాను ఏ సంతకమూ పెట్టలేనని వారికి నెమ్మదిగానే విన్నవించుకున్నారు.

ఏడాది తిరిగాక అత్తాకోడళ్లిద్దరే వచ్చారు. వద్దని నిర్ణయించుకున్నానని కోడలు చెప్పింది. సంతకాలయ్యాక, ఒక్కసారి చూడవచ్చా అని అత్తగారు అడిగారు. అలా చూపించాలనీ, చూపించరాదనీ ఏ నిబంధనా లేదు. మేడమ్ స్వయంగా వాటిని మంచుస్థితి నుంచి వెలికితీసి, మైక్రోస్కోపు కింద ఉంచారు.

అత్తగారు వంగి చూశారు. “మా వాడి పోలికేం కనబడదేమమ్మా?”

“ఇప్పుడే కనబడదండీ.”

కళ్లజోడు తుడుచుకుని, కోడలిని దగ్గరకు తీసుకున్నారు. “నువ్వూ చూడమ్మా. చూశాక ఇంటికి పోదాం.”

ఆనాటి నుంచి మా కేంద్రంలో భార్యాభర్తలు, ‘మీరు లేని పక్షంలో ఏం చేయాలి’ అన్న ప్రశ్నకు వేర్వేరు గదుల్లో కూర్చుని జవాబు రాస్తున్నారు. శాస్త్రం ఎంత దూరమైనా పోనీ, దాని ముందు కూర్చున్న మనిషిని అడిగి అడుగు వేయడం మాకు నేర్పినది వారే.

పిండాలకు ఆదివారాలు తెలియవు కనుక, ముప్పై ఏళ్లుగా తమ ఆదివారాలను మాకు వదిలిపెట్టిన వారి శ్రీవారికీ, కుమార్తెకూ చేతులెత్తి నమస్కరిస్తున్నాము. మేడమ్ గారూ, ఈ పదవీ విరమణ తర్వాత ప్రతి ఉదయమూ మీ ఇష్టం వచ్చిన వేళకే తెల్లవారాలనీ, మీ చూపూ మీ చేయీ ఇంత నిలకడగానే ఉండి, ఆయురారోగ్యాలతో మీరు చిరకాలం మా అందరికీ పెద్దదిక్కుగా వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాము.