గోడ అవతలి పిల్ల

కాశిబుగ్గలో మగ్గం ముందు కూర్చున్న ఆసిమాకు చెల్లెలు ఫోన్ చేసింది. ఆ పిల్ల ఎక్స్‌ఛేంజ్ చదువుకని జపాన్ పోయి నాలుగు నెలలైంది.

"ఆపా, భూకంపం! బల్ల కింద దూరిన. హాస్టల్ బిల్డింగంత ఊగుతాంది."

ఆసిమా మగ్గం వదిలి లేచింది. "తల మీద దిండు పెట్టుకో. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు."

"జర ఆగింది. కానీ తలుపు బిగుసుకపోయింది ఆపా, ఎంత గుంజినా వస్తలేదు. మల్లొస్తదని మైకుల చెప్తాండ్రు."

"పక్క రూముల ఎవరున్నరు?"

"వియత్నాం పిల్ల. నాకు సిగ్గు, ఆమెకు సిగ్గు. ఒక్కనాడు మాట్లాడుకోలే."

"ఇప్పుడు సిగ్గేందే? గోడ కొట్టు. గట్టిగ కొట్టు!"

ఫోన్‌లో దబదబా చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆసిమా ఫోన్‌ను చెవికి అదుముకుంది.

"ఆపా! ఆ పిల్ల బయట నుంచి తలుపు తంతాంది."

పెద్ద చప్పుడైంది. ఎవరో ఏడుస్తున్నారు.

"ఏమైందే? మాట్లాడు!"

"తలుపు తెరుచుకున్నది. మెట్లు దిగుతానం. మల్ల ఊగుతాంది ఆపా... ఆ పిల్ల నా చెయ్యి ఇడుస్తలేదు."

"కిందికి దిగేదాంక నువ్వు గూడ ఇడువకు," అన్నది ఆసిమా.

కాసేపటికి ఫోన్‌లో గాలి హోరు, పదిమంది మాటలు వినిపించాయి.

"గ్రౌండ్ల ఉన్నం ఆపా. ఇద్దరం ఉన్నం. ఆమె పేరు ఇప్పుడే అడిగిన."