పూలమ్మ నలభై ఒక్క పండ్లు

(2013. రామగుండం దిక్కున ఒక బొగ్గుబాయి కాలనీ దవాఖాన. రికార్డుల గదిలో కంప్యూటరు ముందు ఆపరేటరు సుసన్నా. బల్లకు ఇవతల సంధ్యారాణి, ఆమె అత్త పూలమ్మ.)

"...నా కంప్లయింటు మొత్తం మా అత్తమ్మ మీదనే మేడం, రాసుకోండ్రి. పేరు పూలమ్మ, వయసు అరవై ఒకటి. ఇంట్ల ఒక్కలకు చెప్పకుంట నలభై ఒక్క పండ్లు పీకిపిచ్చుకున్నది."

"నలభై ఒక్కటా? మనిషికి ఉండేదే ముప్పై రెండు గదమ్మా."

"అదే మేడం నా బాధ. కడమ తొమ్మిది యాడికెల్లి తెచ్చిందో చెప్తలేదు. పైగా ఇప్పటికీ మక్కకంకి చేతికిస్తె బెండు గూడ మిగలది. ఏది అత్తమ్మా, మేడంకు నోరు తెరిచి చూపియ్యి."

"ఊకో సంధ్యా. నేనొచ్చింది కడుపునొప్పికి, పన్నునొప్పికి గాదు."

"కడుపు సంగతి గూడ గట్లనే ఉన్నది మేడం. 2006ల ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేసిండ్రని మీ కంప్యూటర్ల ఉన్నది. మొన్న స్కానింగు తీస్తె అది ఉన్నకాడ్నే ఉన్నది, నిండ రాళ్లేసుకొని. తీసినంక మల్ల మొలిచిందంటే ఈమె కడుపుకు కొబ్బరికాయ కొట్టాలె."

"ఆగమ్మా, ఆగు. ముందు ఒక మాట చెప్పు. ఫైల్ల ఏమున్నదో నీకెట్ల తెలుసు? పేషెంటు సంగతి పేషెంటుకు, డాక్టరుకు తప్ప మూడో మనిషికి తెల్వద్దు. అది రూలు. అగో, గోడకు అంటించినం, చూడు."

"చూసిన మేడం. మస్తు పెద్ద అక్షరాలు. కని మీరే గదా ఫైళ్లన్నీ నెట్టుల పెట్టింది, ఎవలది వాళ్లు ఇంట్ల కూసోని చూసుకోండ్రి అని."

"దానికి పాస్‌వర్డు ఉంటది."

"ఉంటది. మా ఆయన ఎంప్లాయి నంబరు. అది బాయి మీద నోటీసు బోర్డుకే అంటించి ఉంటది, సీనియారిటీ లిస్టుల. మా ఆయన సెకండ్ షిఫ్టుకు పోంగనే నలుగురు ఎదురొచ్చి, 'రఘుపతన్నా, అమ్మ బాలింత అట గదా, నెత్తికి గుడ్డ కట్టిచ్చుండ్రి' అన్నరట."

"బాలింతా?"

"2004ల కాన్పు. యాభై రెండేండ్లకు. ఆడపిల్ల, మూడు కిలోల ఇరవై గ్రాములు. మా ఆయన ఆ మాట ఇన్నప్పటిసంది, చెల్లె ఏది అవ్వా, నా చెల్లె ఏది అని మంచం కింద గూడ ఎతుకుతున్నడు."

"నీ నోట్ల మన్నువడ. పరాయోళ్ల ముందట నా కాన్పుల ముచ్చట ఎందుకే?"

"నీ కాన్పు కాదు గదా అత్తమ్మా."

"కాదు. కని కంప్యూటర్ల నాదే గదా. ఇజ్జత్ నాదే పోతది."

"చూడమ్మా, కంప్యూటరు అబద్ధం చెప్పదు. పాత కాయితాలల్ల ఏముంటే అదే ఎక్కించినం. ఒక్క అక్షరం అటుఇటు చెయ్యలే."

"కాయితాలల్ల మా అత్తమ్మ ఎత్తు గూడ ఉన్నది మేడం. 2001ల ఐదడుగుల నాలుగు. 2003ల నాలుగడుగుల పది. 2007ల మల్ల ఐదున్నర. మనిషా, బావిల నీళ్లా?"

"ఏది, చూడనియ్యి... అవునమ్మా, గట్లనే ఎక్కింది."

"ఇంకా, 2006 ఆపరేషన్ మీద మీ అభిప్రాయం చెప్పుండ్రి, ఐదు చుక్కలకు ఎన్నిస్తరు అని మీ కంప్యూటరే అడిగింది. మా ఆయన రెండు నొక్కిండు. తీసేసిన సామాను మల్ల వాపసొచ్చింది అని కింద కారణం గూడ రాసిండు."

"సరె సరె. ఇప్పుడు మీకేం గావాలె?"

"హైదరాబాద్ పంపే లెటరు. గురువారం అక్కడ బెడ్డు దొరికింది. ఇయ్యాల మూడు గంటలకల్ల లెటరు పోకపోతే మల్ల రెండు నెలలు ఆగాలె. డాక్టరు సారేమో, స్కానింగుల నాకు కండ్లార కనవడుతున్నదమ్మా, ఇంక నాన్చితే పిత్తం సంచి పగులుతది అంటున్నడు. కని లెటరు కోసం పిత్తాశయం అని నొక్కితే, 'ఇదివరకే తొలగించబడినది' అని ఎర్రగ వస్తున్నదట. రికార్డు సక్కగ చేయించుకొని రాండ్రి అని మీ దగ్గరికి తోలిండు."

"ఇప్పుడు టైమెంతయింది?"

"రెండుంబావు."

"ఇగో, దిద్దుబాటు ఫారం. ఆరో కాలం దాక నువ్వే నింపు. ఏడో కాలంల..."

"'చికిత్స వాస్తవముగా పొందిన వ్యక్తి పేరు.' అత్తమ్మా, చెప్పు. 2006ల కంపెనీ ఇచ్చిన దవాఖాన పుస్తకం ఎవలకిచ్చినవ్?"

"యాది లేదు."

"నా పెండ్లిల మీ ఆడిబిడ్డ ఎన్ని లడ్డూలు తిన్నదో యాదున్నది, ఇది యాది లేదా?"

"లడ్డూలు నాయి. సంచి నాది గాదు. వాడకట్టోళ్లు వస్తరు, చాట అడుగుతరు, జల్లెడ అడుగుతరు, దవాఖాన పుస్తకం అడుగుతరు. లేదంటమా? చాటేమో ఖాళీగ వాపసొస్తది, పుస్తకం నిండి వాపసొస్తది. గంతే ఫరక్."

"అమ్మా, మీ పుస్తకం మీద వేరేటోళ్లకు వైద్యం చేయించుడు పెద్ద తప్పు. కంపెనీకి తెలిస్తె మీ కొడుకుకు మెమో వస్తది."

"తెలుసు బిడ్డా."

"పుస్తకం మీద ఫోటో ఉంటది గద. అప్పుడు డాక్టరు చూడలేదా?"

"ఏం ఫోటో మేడం. ఆరుగురం కల్సి అగ్గిపెట్టె మీద బొమ్మంత. అండ్ల మా ఆయన మీసం మా అత్తమ్మకే ఉన్నట్టు కొడ్తది."

"డాక్టరు చూసిండు బిడ్డా, ఎందుకు చూడలే. యాభై నాలుగేండ్లకు ఒక్క ఎంటిక నెరవలేదు, ఏం తింటవమ్మా అని అడిగిండట ఆ పొల్లను."

"ఏమన్నదట?"

"గటక తింట సార్ అన్నదట."

"జొన్నరొట్టె అన్నది."

"మీకెట్ల తెలుసు మేడం?"

"ఆఁ? ఏం లేదమ్మా, ఆ టైముల... అందరు జొన్నరొట్టెనే గద తినేది."

"మా ఇంట్ల అయితే బియ్యమే. సరె తియ్యి. అత్తమ్మా, పొల్ల అన్నవ్. అంటే వయసుల ఉన్నది. ఎవలామె? లస్మవ్వ కోడలా? అనసూర్యనా?"

"ఇగో సంధ్యా, నాకు గట్ల ఆరాలు తియ్యకు. ఆ పొల్ల రేషను దుకాణం ముందట లైన్లనే వాంతి చేసుకొని కూలవడ్డది. సంకల పిలగాడు. మొగడు కాంట్రాక్టు పని, పుస్తకం లేదు, ఏం లేదు. బయట దవాఖానకు పోతె ఇల్లు అమ్ముకున్నా సాలదు, అమ్ముదామంటె ఇల్లే లేదు. నేను పుస్తకమిచ్చి, నీ పేరు పూలమ్మ బిడ్డా, యాదివెట్టుకో అన్న. వారం దినాలు మంచంల పూలమ్మ అంటె పలికింది. అయిపోయింది."

"అయిపోలేదు గదా! ఇప్పుడు ఆమెది తీసిండ్రని నీది తీస్తలేరు. పేరు చెప్తె పని ఒడుస్తది."

"పేరు రాస్తె మాత్రం... ఎంక్వైరీ ఉంటదమ్మా. ఆమె ఇప్పుడు కంపెనీల ఎక్కడన్న చేస్తుంటే, పర్మినెంటు గానోళ్లయితే, తెల్లారే ఇంటికి తోలుతరు."

"తోలనియ్యుండ్రి మేడం. మా అత్తమ్మ సంచి పగిలేకన్న నయం గదా. మీరు పర్మినెంటేనా?"

"నేనా? కాదు. ఏజెన్సీ. ఎందుకు?"

"ఊకెనే అడిగిన. మీకు చెమటలు వడుతున్నయి, ఫ్యాను కిందనే ఉన్నరు గద."

"లో వోల్టేజీ."

"అత్తమ్మా, రెండున్నర అయింది. చెప్పు."

"చెప్ప. పెదవి దాటితె పృథివి దాటుతది. అగో, గోడకు ఏం రాసిండ్రు? నాకు చదువు రాదు, నువ్వే చదువు."

"'రోగి వివరములు గోప్యముగా ఉంచబడును.'"

"అంటే?"

"అంటే ఒకల సంగతి ఇంకొకలకు చెప్పరు అని."

"ఆఁ. గోడకు రాసుకున్నోళ్లు నెట్టుల పెట్టిండ్రు. నేను రాసుకోలే, కడుపుల పెట్టుకున్న. ఏడేండ్ల సంది ఉన్నది. నా కడుపుల నుంచి తియ్యాలంటె ముందు లెటరు తెమ్మను."

"అత్తమ్మా, నువ్వు ఊకె గిట్లంటే నేను... ఏమైంది? మల్ల లేసిందా నొప్పి? మేడం, జర నీళ్లియ్యుండ్రి!"

"ఇగో... ఇగో అమ్మా, తాగు. మెల్లగ. ఒంగకు. కుడి దిక్కు ఒరిగి కూసో, గట్లయితె జర తగ్గుతది. ఈపుల దాక గుంజుతది, తెలుసు. ఊపిరి చిన్నగ తీసుకో."

"బాంచెన్ బిడ్డా... ఇప్పుడు నయమే. సంధ్యా, లే, ఇంటికి పోదాం. ఉలవకట్టు తాగుత."

"ఉలవకట్టుకు పోతయా గవి! గోదావరి ఇసుకంత రాళ్లున్నయి!"

"పోకపోతె ఉంటయి. రెండు నెలలే గద. మీ మామ ముప్పై ఏండ్లు బాయిల దిగిండు, నేను రెండు నెలలు ఆగలేనా? నడువు. ఈ పొల్లను ఎందుకు సతాయిస్తున్నవ్. మొకం చూడు, సున్నం లెక్క అయింది. బిడ్డా, నీకు మంచిగనే ఉంటున్నది గదా?"

"నాకా... ఉంటున్నదమ్మా."

"నూనె వస్తువులు అరుగుతున్నయా? మిరపకాయ బజ్జీలు గిట్ట జోలికి పోకు. కోడిగుడ్డు గూడ పచ్చసొన తీసేసి తిను."

"అత్తమ్మా! రోగివి నువ్వా, ఆమెనా? కంప్యూటర్ ముందట కూసున్న మనిషికి పథ్యం చెప్తున్నవ్!"

"మంచి మాట ఎవలకు చెప్తె ఏంది. పిలగాడు బడికి పోతున్నడా బిడ్డా?"

"...నాలుగో తరగతి, పెద్దమ్మా."

"సల్లగుండని. సంధ్యా, చెప్పులు ఎటువోయినయి చూడు."

"ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఆగుండ్రి. ఇంక ఇరవై నిమిషాలున్నయి. సంధ్యా, ఆ ఫారం ఇటియ్యి."

"ఏడో కాలం ఖాళీగ ఉన్నది మేడం."

"నేను రాస్త."

"మీరు రాస్తె ఎట్ల నడుస్తది? ఎవలి పేరు రాస్తరు?"

"సుసన్నా, భర్త యేసుకుమార్. ఆఁ, రాసిన. కింద సంతకం గూడ పెట్టిన. పొట్ట మీద జానెడు కుట్టు గుర్తున్నది, డాక్టరు సారు వచ్చి చూసుకోవచ్చు."

"మేడం..."

"నీ నౌకరి పోతది బిడ్డా! సింపెయ్యి ఆ కాయితం!"

"పోనీ పెద్దమ్మా. నీ పుస్తకం తీసుకున్ననాడు సస్తున్న, అది తప్పనెటందుకు నాకు నోరు రాదు. కని నిరుడు పాత కాయితాలు ఎక్కిస్తుంటె ఈ కాయితం నా చేతికే వచ్చింది. ఇది నాది అని తెలిసి గూడ, నౌకరికి భయపడి, నీ పేరు మీదనే ఎక్కించిన. కంప్యూటరు అబద్ధం చెప్పదు, నేనే చెప్పిన. తప్పు నాదే. సంధ్యా, ఉరుకు, లెటరు నొక్కుమను... ఆగు ఆగు, ఇంకో ఫారం గూడ తీస్కపో. ఆ నలభై ఒక్క పండ్లల్ల రెండు నాయే."